మొగ దగ్గర కొరమీను గద్దల జంట గూడు పెట్టింది, కాస్త చూసి చెప్పండి

మొగదరి కుర్రాడు | జనవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ కొత్త. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం, వంశధార సముద్రంలో కలిసే చోటుకి, అంటే మొగకి, దగ్గర్లో ఊరు. టౌన్లో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. పండక్కి ఇంటికొచ్చాను.

మా చినతాతకి సర్వి (సరుగుడు) తోట ఉంది. తోట చివర కాలవ గట్టు మీద పాత సర్వి చెట్లు ఏడో ఎనిమిదో ఉన్నాయి. వాటిని ఎప్పుడూ కొట్టలేదు. అందులో ఒకదాని చిటారున పుల్లలతో కట్టిన పెద్ద గూడు ఉంది. తల తెల్లగా ఉన్న గద్ద ఒకటి అందులోంచి లేవకుండా కూర్చుంటోంది. రెండోది చేప తెచ్చి ఇస్తోంది. నిన్న పొద్దున్న మొగ దగ్గర ఒక గద్ద చాలా ఎత్తునుంచి రాయిలా పడి, నీళ్లలో మునిగిపోయి, మళ్లీ చేపతో లేచింది. ఒళ్లు దులుపుకుంటూ నా తల మీంచే వెళ్లింది. ఇరవై ఏళ్లుగా ఆ ఒడ్డునే తిరుగుతున్నాను, ఇలాంటిది చూడలేదు.

రాత్రంతా ఫోన్లో వెతికితే అది ఆస్ప్రే అని తేలింది, తెలుగులో కొరమీను గద్ద అంటారట. స్కాట్లండ్‌లో గూటి దగ్గర కెమెరా పెట్టి చూపించే వీడియోలు కూడా చూశాను. మన జిల్లాలో ఆ జంట గూడు పెట్టిందంటే పెద్ద సంగతే కదా? ఫోన్‌తో తీసిన ఫొటోలు పెడుతున్నాను. మ్యాప్ లింక్ కూడా పెట్టాను, ఎవరైనా వచ్చి చూడండి.

నిర్వాహకులు | జనవరి 11, రాత్రి 10:05

స్వాగతం తమ్ముడూ. మ్యాప్ లింక్ తీసేశాను, ఏమీ అనుకోవద్దు. గుడ్ల మీద ఉన్న గూడు ఎక్కడుందో ఇక్కడ ఎవరమూ రాయం. ఊరి పేరు కూడా వద్దు, 'మొగ దగ్గర' అంటే చాలు.

టెక్కలి మాస్టారు | జనవరి 12, ఉదయం 6:15

బాబూ, రాసిన తీరు చూస్తే నువ్వు బాగా గమనించే మనిషివని తెలుస్తోంది. అందుకే కొన్ని ప్రశ్నలు. ఫొటోల్లో ఆకారం తప్ప రంగు కనపడటం లేదు కాబట్టి నీ కళ్లే ఆధారం.

గూట్లో ఉన్నదాని వీపు ఏ రంగు? ముదురు గోధుమా, లేక ఇటుక రంగా? తల పక్కన, కంటి మీదుగా మెడ దాకా నల్లటి పట్టీ గీసినట్టు ఉందా? నీళ్లలో మునిగిన పక్షి నేరుగా ఈ గూటికే వచ్చిందా, లేక అది వేరు, ఇది వేరు అయ్యే అవకాశం ఉందా? చేపని ఒంటికాలితో పట్టుకుందా, రెండు కాళ్లతోనా?

తొందరేం లేదు. పండగ పనులు చూసుకుని చెప్పు.

తాటిపూడి | జనవరి 12, ఉదయం 8:30

మా విజయనగరం వైపు తాటిపూడి రిజర్వాయర్ దగ్గర చలికాలంలో ఎండిన మోడు మీద కొరమీను గద్ద ఒంటరిగా కూర్చోవడం చూశాను. నవంబర్లో కనిపించేది, మార్చి దాటితే ఉండేది కాదు. గూడు మాత్రం ఎప్పుడూ చూడలేదు. మాస్టారి ప్రశ్నలకి జవాబు రానివ్వండి.

మొగదరి కుర్రాడు | జనవరి 13, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, నిన్న సాయంత్రం, ఈ పొద్దున్న రెండు పూటలా కూర్చున్నాను. మామయ్య దగ్గర బైనాక్యులర్ ఉంటే తెచ్చుకున్నాను.

గూట్లో ఉన్నదాని తల, మెడ, రొమ్ము తెల్లగా ఉన్నాయి. వీపూ రెక్కలూ ఇటుక రంగు, తడిసిన మట్టికుండ రంగు. కంటి మీద పట్టీ లేదు. దాని జతగాడూ అంతే. చేప తెచ్చినప్పుడు నీళ్లలో మునగలేదు, పైపైన కాళ్లు తాటించి ఎత్తుకుపోయింది. ఒకసారి పీత కూడా తెచ్చింది.

మునిగే గద్ద వేరు. ఇవాళ మళ్లీ వచ్చింది. వీపు ముదురు గోధుమ, కింద అంతా తెలుపు, కంటి మీద పట్టీ స్పష్టంగా ఉంది. రెండు కాళ్లతో, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి చేపని పట్టుకుంది. చేప తల ముందుకే ఉంది. కానీ అది తోట వైపు రాలేదు. అవతలి ఒడ్డున ఇసుక దిబ్బ మీద పాతిన గెడ మీద కూర్చుని తినేసింది.

అంటే గూడు దానిది కాదు. చాలా ఆశపడ్డాను, మాస్టారూ.

టెక్కలి మాస్టారు | జనవరి 13, సాయంత్రం 5:50

ఆశపడటంలో తప్పేముంది బాబూ. నువ్వు రెండు రోజుల్లో రెండు పక్షుల్ని విడదీసి చూశావు. చాలామందికి ఏళ్లు పడుతుంది.

మునిగేది నిజంగానే కొరమీను గద్ద. నువ్వు రాసిన ప్రతి ముక్కా దానికి సరిపోతుంది. దాని కాలికి ఒక విశేషం ఉంది. బయటివైపు వేలిని వెనక్కి తిప్పుకోగలదు. రెండు వేళ్లు ముందు, రెండు వెనక పెట్టి చేపని బిగిస్తుంది. అరికాలు నిండా చిన్న చిన్న ముళ్ల లాంటివి ఉంటాయి, అందుకే జారుడు చేప జారదు. మునిగేటప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటాయి. దాని తిండి దాదాపు మొత్తం చేపలే. తల ముందుకి పెట్టి మోసుకెళ్లడం కూడా దాని పద్ధతే, గాలి అడ్డం తగ్గుతుంది.

కానీ అది మన దగ్గర చలికాలం గడపడానికి మాత్రమే వస్తుంది. గూడు పెట్టేది ఉత్తరాన, ఎండాకాలంలో. జనవరిలో కోస్తాలో గుడ్ల మీద కూర్చున్న కొరమీను గద్ద ఉండదు.

నీ గూడు గరుడ పక్షిది. మన కోస్తాలో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దాని పిల్లల కాలం. మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, ఇరవై ఆరు ఇరవై ఏడు రోజులు పొదుగుతుంది.

కొరమీను గద్ద అన్న పేరు మా నాన్నగారు కూడా అనేవారు. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో డాక్టరుగా చేసిన జెర్డాన్ తన పక్షుల పుస్తకంలో తెలుగు పేరుగా అదే రాసుకున్నాడు. ఆయన మొదట పనిచేసింది గంజాం వైపు. అప్పట్లో మన శ్రీకాకుళం, టెక్కలి గంజాం జిల్లాలోవే. కడప కలివికోడికి ఇంగ్లిషులో ఉన్నది ఈయన పేరే. ఆ పేరు ఏ పల్లెకారు నోట విన్నాడో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మన మొగ దగ్గర కూడా అయ్యుండొచ్చు.

నాగావళి అప్ప | జనవరి 13, రాత్రి 8:10

తమ్ముడూ, నువ్వు నిరాశపడ్డావని చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మా అమ్మ గరుడ పక్షి కనిపిస్తే చేతిలో పని వదిలేసి దణ్ణం పెట్టేది. అది నెత్తి మీద తిరిగితే మంచి కబురు వస్తుందనేది. శ్రీకూర్మం కోనేటి మెట్ల మీద కూర్చుని ఒకసారి ఇద్దరం గంటసేపు చూశాం, ఆకాశంలో అది రెక్క కదపకుండా తిరుగుతుంటే. అలాంటి పక్షి మీ చినతాత చెట్టు మీద ఇల్లు కట్టింది. దాన్ని రోజూ చూసే భాగ్యం నీకుంది. ప్రతి వారం ఇక్కడ రాయి. నేను చదువుతాను.

మొగదరి కుర్రాడు | జనవరి 14, ఉదయం 7:00

రాస్తాను అప్పా. మా నాయనమ్మ కూడా అదే అంది. 'గరుత్మంతుడు ఇంటి ముందుకొస్తే నువ్వు ఇంకేదో పిట్ట కోసం ఏడుస్తావేంటి' అని కోప్పడింది.

పందొమ్మిదిన కాలేజీ. వారం మధ్యలో నాయనమ్మ చూస్తానంది. తన అరుగు మీంచి ఆ చెట్టు కనిపిస్తుంది.

అబర్డీన్ చినబాబు | జనవరి 15, రాత్రి 1:30

మాది పలాస. ఎనిమిదేళ్లుగా స్కాట్లండ్‌లో ఉద్యోగం. కుర్రాడు చూసిన కెమెరా గూళ్లు ఇక్కడివే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

బ్రిటన్‌లో కొరమీను గద్దలు గూళ్లు పెట్టడం 1916 నాటికి పూర్తిగా ఆగిపోయింది. వేటాడారు, గుడ్లు సేకరించే సరదాగాళ్లు గూళ్లు దోచారు. 1954లో లోక్ గార్టెన్ అనే సరస్సు దగ్గర ఒక జంట మళ్లీ గూడు పెట్టింది. రాత్రీ పగలూ కాపలా కాశారు. అయినా 1958లో ఒకడు రాత్రిపూట చెట్టెక్కి గుడ్లు ఎత్తుకుపోయాడు. ఆ మరుసటి ఏడాది కాపలా వాళ్లు ఎవరూ ఊహించని పని చేశారు. గూటిని దాచకుండా, దూరంగా గుడిసె కట్టి, దుర్భిణి పెట్టి, జనాన్నే రమ్మన్నారు. 1959లో ఆ ఒక్క గూటిని చూడటానికి 14,000 మంది వచ్చారు. అంతమంది కళ్లు ఉంటే దొంగ రాలేడు కదా.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆడపక్షి గుడ్ల మీద ఉంది. ముప్పై ఏడు రోజులు, అటూ ఇటూగా, పొదుగుతుంది. ఎక్కువగా మూడు గుడ్లు. మగపక్షి చేప తెచ్చి, ముందు తల భాగం తనే తినేసి, మిగతాది అప్పగిస్తుంది. ఆ రోజు వాన. ఆడది రెక్కలు కొంచెం విప్పి గుడ్లని కప్పుకుని, తల మీంచి నీళ్లు కారుతున్నా కదల్లేదు. గుడిసెలో ఇరవై మంది ఉన్నాం, ఎవరూ మాట్లాడలేదు. నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఉద్దానంలో తోటల మధ్య పెరిగాను, తలెత్తి ఒక్క గూడు చూసిన గుర్తు లేదు. ఇక్కడికొచ్చి చూడటం నేర్చుకున్నాను.

ఈ గద్దలు చలికాలానికి పశ్చిమ ఆఫ్రికా వెళ్తాయి. మన దగ్గరికి వచ్చేవి వేరే, ఆసియా ఉత్తర భాగాలవి. తమ్ముడూ, నీ దిబ్బ మీద కూర్చున్నది అంత దూరం ఎగిరొచ్చింది. దాన్ని కూడా చూస్తూ ఉండు.

తాటిపూడి | జనవరి 15, ఉదయం 9:00

చినబాబు గారు చెప్పని ముక్క ఒకటి. వేట ఆగాక కూడా పురుగుమందులు ఈ గద్దల్ని దెబ్బతీశాయి. డీడీటీ చేపల్లో పేరుకుని, వాటిని తిన్న పక్షుల గుడ్ల పెంకులు పలచబడి, పొదగడానికి కూర్చుంటే బరువుకే పగిలిపోయేవి. అమెరికా 1972లో ఆ మందుని నిషేధించాక నెమ్మదిగా కోలుకున్నాయి. చెరువు గట్టున మందు డబ్బా కడిగే ప్రతి రైతుకీ ఇది చెబుతుంటాను.

డ్రోన్ ఫొటోగ్రఫీ చీపురుపల్లి | జనవరి 19, సాయంత్రం 4:45

నా దగ్గర మంచి డ్రోన్ ఉంది. కుర్రాడు ఒప్పుకుంటే ఆదివారం వచ్చి గూట్లో గుడ్లు ఎన్నో పైనుంచి తీస్తాను. రెండు నిమిషాల పని. అందరికీ బాగుంటుంది.

టెక్కలి మాస్టారు | జనవరి 19, సాయంత్రం 5:10

వద్దండి. దయచేసి వద్దు. డ్రోన్‌ని అది శత్రువు అనుకుంటుంది. తరమడానికి లేస్తే రెక్క తెగొచ్చు. లేచిన ఐదు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. గూట్లో గుడ్లు ఎన్నో తెలియకపోతే మనకి వచ్చే నష్టం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కూడా గూటిని, గుడ్లని పాడుచేయడం నేరం.

డ్రోన్ ఫొటోగ్రఫీ చీపురుపల్లి | జనవరి 19, రాత్రి 7:30

కాకి సంగతి నాకు తెలియదు మాస్టారూ. విరమించుకుంటున్నాను. పిల్లలు ఎగిరిపోయాక తోట అందం తీస్తాను, అప్పుడైతే అభ్యంతరం ఉండదు కదా.

మొగదరి కుర్రాడు | జనవరి 31, రాత్రి 8:20

పిల్లలు పుట్టాయనుకుంటున్నాను!

గురువారం నుంచి తేడా కనిపించిందని నాయనమ్మ చెప్పింది. అంతవరకూ మగది రోజుకి రెండుసార్లో మూడుసార్లో తెచ్చేది. నాయనమ్మ బొగ్గుముక్కతో అరుగు గోడ మీద గీతలు గీస్తోంది. మగది తిండి తెచ్చిన ప్రతిసారీ ఒక గీత. గురువారం ఐదు, శుక్రవారం ఏడు. ఇవాళ నేను స్వయంగా చూశాను. ఆడది గూటి అంచున నిలబడి, తల వంచి, చిన్న చిన్న ముక్కలు తుంచి లోపలికి అందిస్తోంది. లోపల ఎవరున్నారో కనపడదు. కానీ ఎంత మెల్లగా అందిస్తోందో! ఆ ముక్కు చేప వీపు చీల్చే ముక్కు. అదే ముక్కుతో గోరుముద్ద పెడుతోంది.

గోడ కడగొద్దని అమ్మకి నాయనమ్మ గట్టిగా చెప్పింది.

నాగావళి అప్ప | జనవరి 31, రాత్రి 8:45

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయనమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు.

మొగదరి కుర్రాడు | ఫిబ్రవరి 9, సాయంత్రం 6:30

రెండు తలలు కనిపించాయి. దూదిలా ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి బాగా చిన్నది. పెద్దది ముందు తింటోంది.

టెక్కలి మాస్టారు | ఫిబ్రవరి 9, రాత్రి 7:15

మొదటి గుడ్డు పెట్టిన దగ్గర్నుంచే పొదగడం మొదలుపెట్టే పక్షుల్లో ఇలా ఉంటుంది. రెండో పిల్ల ఒకటి రెండు రోజులు వెనకబడి పుడుతుంది. కొరమీను గద్దల్లోనూ అంతే. తిండి బాగా దొరికితే రెండూ బతుకుతాయి. లేకపోతే చిన్నదానికి కష్టం. ముందే చెబుతున్నాను, మనసు గట్టి చేసుకో.

వేట పడవలు బాగా తిరుగుతున్నాయా? గరుడ పక్షికి పడవల దగ్గర దొరికే చేప ముక్కలు పెద్ద ఆసరా.

మొగదరి కుర్రాడు | ఫిబ్రవరి 9, రాత్రి 9:00

తిరుగుతున్నాయి మాస్టారూ. వల దులిపే చోటికి మగది రోజూ వస్తుంది.

మొగదరి కుర్రాడు | ఫిబ్రవరి 16, రాత్రి 10:50

చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఏదైనా చెప్పండి.

చినతాత తోట కోతకొచ్చింది. బేరం కుదిరిపోయింది. వచ్చే వారం మనుషులు దిగుతారు. గట్టు మీద పాత చెట్లు కూడా ఈసారి కలిపి ఇచ్చేస్తున్నాడట, లావుగా ఉన్నాయి కాబట్టి బరువు బాగా తూగుతుంది. చినతాతకి డబ్బు అవసరం ఉంది. ఆయన మనవరాలి పెళ్లి మేలో. నేను అడ్డం పడితే ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

ఉద్దానం రైతు | ఫిబ్రవరి 17, ఉదయం 5:40

నేను ఎక్కువ రాయను, చదువుతుంటాను. ఇది రైతు విషయం కాబట్టి చెబుతున్నాను.

మీ చినతాతది తప్పు కాదు. సర్వి నాలుగైదేళ్లు పెంచుతాం, టన్నుల లెక్కన అమ్ముతాం. ఆ డబ్బు కోసమే వేశాం. తోటంతా ఆపమని అడగకు, అడిగితే ఆయన మనసు విరుగుతుంది. గట్టు మీద చెట్లు మాత్రం అడుగు. ఏడు చెట్ల బరువు తోట మొత్తంలో ఎంత? ఆయనకే లెక్క తెలుసు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. మా కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. తెల్లారి లేచి చూస్తే కనుచూపు మేర నిలబడ్డ చెట్టు లేదు. జనం నష్టం అందరూ లెక్కేశారు, వేయాలి కూడా. నాకు మాత్రం ఇంకొకటి గుర్తుంది. మా పెద్ద కొబ్బరి మీద ఏటా గూడు పెట్టే గద్ద జంట నాలుగైదు రోజులు ఆ కూలిన చెట్టు పైనే ఆకాశంలో తిరిగింది. తర్వాత రాలేదు. మళ్లీ నాటిన కొబ్బరి ఇంకా ఆ ఎత్తుకి రాలేదు. ఎత్తైన చెట్టు ఒకసారి పోతే ఒక తరం ఆగాలి. ఈ మాట మీ చినతాతకి చదివి వినిపించు. తోటి రైతు చెప్పాడని చెప్పు.

నాగావళి అప్ప | ఫిబ్రవరి 17, ఉదయం 8:00

నాయనమ్మ గారి చేత అడిగించు తమ్ముడూ. నువ్వు పక్కన నిలబడు చాలు.

మొగదరి కుర్రాడు | ఫిబ్రవరి 18, రాత్రి 9:15

అప్ప చెప్పినట్టే చేశాం. నాయనమ్మ చినతాతకి వదిన అవుతుంది. సాయంత్రం టీ ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, ఏం మాట్లాడకుండా ఆ బొగ్గు గీతలు చూపించింది. ఇన్నేంటి వదినా అని ఆయన అడిగాడు. 'ఆ తండ్రి పడ్డ కష్టం' అంది. తర్వాత నేను రైతు గారి పోస్టు చదివి వినిపించాను. తిత్లీ మాట వచ్చేసరికి చినతాత తలొంచుకున్నాడు. ఆయన బామ్మర్దిది వజ్రపుకొత్తూరు వైపే.

తోట వచ్చే వారమే కొడతారు. గట్టు చెట్లు మాత్రం పిల్లలు ఎగిరేదాకా ఉంటాయి. పని మనుషులకి గుర్తుగా ఏడు చెట్లకీ పసుపు గుడ్డ కట్టాం. తోటలో ఆ చివర వాటా ఆఖరున కొట్టమని, మధ్యాహ్నం ఎండలో ఆడపక్షిని లేపొద్దని ఆయనే మేస్త్రీకి చెప్పాడు.

ఉద్దానం రైతు | ఫిబ్రవరి 19, ఉదయం 5:30

మంచి మనిషి. ఆయనకి నా నమస్కారం.

మొగదరి కుర్రాడు | ఫిబ్రవరి 27, సాయంత్రం 5:00

చిన్నది చనిపోయింది.

నాలుగు రోజులుగా ఈదురుగాలి, పడవలు వెళ్లలేదు. గోడ మీద గీతలు రెండు, ఒకటి, రెండు, రెండు. నిన్న సాయంత్రం పెద్దది దాన్ని పొడుస్తుంటే చూశాను. తల్లి పక్కనే ఉంది, ఆపలేదు. ఇవాళ పొద్దున్న చెట్టు కింద పడి ఉంది. నా అరచేయంత ఉంది. తోట కొట్టే చప్పుడు వల్లనా? మేం చేసిన పని వల్ల జరిగిందా? ఏం చేయాలో తెలియడం లేదు.

గరివిడి పశువైద్యం | ఫిబ్రవరి 27, సాయంత్రం 5:25

అన్నా, నేను వెటర్నరీ నాలుగో సంవత్సరం. ముందు ఒక మాట. చనిపోయిన పక్షిని ఒట్టి చేత్తో ముట్టుకోకు. ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని తీయాలి. మీ మండలం పశువైద్యశాలకి ఫోన్ చేసి చెప్పు. ఒక్క పక్షే కాబట్టి బహుశా లోతుగా పాతిపెట్టమంటారు. కోళ్లని అటు వెళ్లనివ్వకండి.

అతి జాగ్రత్త అనుకోవద్దు. 2021 చివర్లో, 2022 మొదట్లో టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల కేంద్రంలో గూడబాతులు వందకి పైగా చనిపోయాయి. చూసినవాళ్లకి ముందు బర్డ్ ఫ్లూ అనిపించింది. పరీక్షలు చేస్తే కడుపులో నులిపురుగులని తేలింది. చూసి ఊహించడం కంటే చెప్పేయడం మేలు.

నువ్వు రాసిన గీతల లెక్క ప్రకారం ఇది తిండి చాలక జరిగింది. తల్లి ఆపకపోవడం కూడా మామూలే. గాలిని మీరు ఆపలేరు కదా అన్నా.

టెక్కలి మాస్టారు | ఫిబ్రవరి 27, రాత్రి 7:40

నేను ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. ఈ విషయం బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అయినా నీ పోస్టు చదివాక అన్నం సయించలేదు బాబూ. నువ్వు ఏ తప్పూ చేయలేదు.

మొగదరి కుర్రాడు | ఫిబ్రవరి 28, ఉదయం 9:00

పశువైద్యశాల నుంచి మనిషి వచ్చి చూశాడు. గట్టు కిందే పాతాం. నాయనమ్మ కొంచెం పసుపు చల్లింది. గాలి తగ్గింది, ఇవాళ పడవలు వెళ్లాయి. పొద్దున్నే మూడు గీతలు.

మొగదరి కుర్రాడు | మార్చి 8, మధ్యాహ్నం 12:30

పిల్ల ఇప్పుడు గూటి అంచుకొచ్చి రెక్కలు కొడుతోంది. గోధుమ రంగు, తల్లిదండ్రుల పోలిక ఏమీ లేదు. ఒక భయం మాత్రం ఉంది. గూట్లో నీలం నైలాన్ వల ముక్క కనిపిస్తోంది. పిల్ల కాలి దగ్గరే ఉంది. ఎక్కి తీసేయనా?

అబర్డీన్ చినబాబు | మార్చి 8, మధ్యాహ్నం 2:10

ఎక్కకు. ఈ వయసు పిల్ల భయపడితే ఎగరడం రాకుండానే దూకేస్తుంది. కొరమీను గద్దల గూళ్లలో కూడా ఇదే పెద్ద బాధ. గడ్డి మోపులు కట్టే ప్లాస్టిక్ దారం తెచ్చి గూట్లో పరుస్తాయి, పిల్లల కాళ్లకి చుట్టుకుంటుంది. కాలు నిజంగా చిక్కుకుంటే అటవీ శాఖ వాళ్లకి చెప్పాలి. చిక్కుకుందా లేదా అన్నదే ముందు చూడాలి. పిల్ల గూట్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తోందా?

మొగదరి కుర్రాడు | మార్చి 8, సాయంత్రం 6:00

మూడు గంటలు చూశాను. నడుస్తోంది, రెండు చివర్లకీ వెళ్లింది. చిక్కుకోలేదు.

కానీ ఒక పని చేశాం. పల్లెలో మా స్నేహితులు నలుగురం కలిసి ఒడ్డు మీద పడున్న తెగిన వలలన్నీ ఏరాం. నాలుగు గోనె సంచులు నిండాయి. ఇది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా, వాటి కాళ్లకీ ఇవే చుట్టుకుంటాయి. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాం.

మొగదరి కుర్రాడు | మార్చి 21, ఉదయం 8:10

ఎగిరింది!! పొద్దున్న 6:50కి. నాయనమ్మా నేనూ ఇద్దరం చూశాం.

తల్లి పక్క చెట్టు మీద చేప పెట్టుకుని కూర్చుంది, గూటికి తేలేదు. పిల్ల అరిచింది, అరిచింది, చాలాసేపు అరిచింది. గాలి కొంచెం లేచింది. రెక్కలు విప్పి నిలబడింది, కాళ్లు గూటిని వదిలాయి, అంతే, గాల్లో ఉంది. పక్క చెట్టు కొమ్మ పట్టుకోబోయి జారి, కిందికి దిగి, మళ్లీ లేచి మూడో చెట్టు మీద వాలింది. నాయనమ్మ చేతులు జోడించి అలాగే ఉండిపోయింది.

నాగావళి అప్ప | మార్చి 21, ఉదయం 8:15

నాకు ఇప్పుడే పండగ వచ్చింది తమ్ముడూ.

టెక్కలి మాస్టారు | మార్చి 21, ఉదయం 8:40

యాభై రోజుల పైచిలుకు. సరిగ్గా దాని లెక్కే. ఇంకొన్ని వారాలు తల్లిదండ్రుల వెంటే తిరుగుతుంది, రాత్రికి ఆ చెట్ల మీదికే రావొచ్చు. చినతాత గారికి ఈ మాట కూడా చెప్పు.

కొరమీను గద్ద ఉందా ఇంకా?

మొగదరి కుర్రాడు | మార్చి 29, రాత్రి 7:30

పోయిన ఆదివారం చూశాను మాస్టారూ, గెడ మీద. నిన్నా ఇవాళా లేదు. గెడ ఖాళీగా ఉంది. వెళ్లిపోయినట్టుంది.

మా ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన దాన్ని చూసి సైబీరియా పక్షి అన్నాడు. తేలినీలాపురం పక్షులు కూడా సైబీరియావే అంటున్నాడు. నిజమేనా?

టెక్కలి మాస్టారు | మార్చి 29, రాత్రి 8:30

మా ఊళ్లో బస్సు దిగే ప్రతి ఒక్కరూ ఈ మాట అంటారు. తేలినీలాపురం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి రావు. అవి మన దేశపు పక్షులే. తిండీ నీళ్లూ ఉన్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి, గూళ్లు మాత్రం మన చింతచెట్ల మీద పెడతాయి. అక్కడ పుట్టినవి తేలినీలాపురం బిడ్డలే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వాలే నత్తగుల్ల కొంగలు కూడా అంతే. 'సైబీరియావి' అంటే జనానికి గొప్పగా ఉంటుంది, కానీ నాకు బాధ కలుగుతుంది. బయటివాళ్లవి అనుకుంటే వాటి చెరువు ఎండినా, చెట్టు కూలినా మనకి పట్టదు.

నిజంగా ఉత్తరాది నుంచి వచ్చి వెళ్లే చుట్టం నీ కొరమీను గద్దే. వచ్చే అక్టోబరులో ఆ గెడ వైపు చూస్తూ ఉండు.

అబర్డీన్ చినబాబు | ఏప్రిల్ 6, రాత్రి 12:40

ఇక్కడ నేను చూసే గూటికి మగది వచ్చేసింది. ఇంకా ఆడది రాలేదు. పాత గూటి మీద కొత్త పుల్లలు సర్దుతోంది. చలి బాగా ఉంది. ఈసారి నేను కూడా ఒక పుస్తకంలో గీతలు గీయడం మొదలుపెట్టాను, నాయనమ్మ గారితో చెప్పు.

మొగదరి కుర్రాడు | ఏప్రిల్ 7, సాయంత్రం 6:45

చెప్పాను బావు, నవ్వింది. బొగ్గుతో గీయమని చెప్పమంది, పెన్ను అయితే చెరిగిపోదు కానీ దూరానికి కనపడదట.

చినతాత గట్టు చెట్లు ఇక కొట్టడట. పెళ్లి ఖర్చుకి తోట డబ్బు సరిపోయింది. పసుపు గుడ్డలు విప్పబోతే ఉంచమన్నాడు.

పోలాకి కొత్త మనిషి | ఏప్రిల్ 13, ఉదయం 7:20

నమస్తే. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. నిన్న మొగ దగ్గర గోధుమ రంగు గద్ద ఒకటి వల దులిపే చోట చేప ముక్కలు తింటోంది. ఊళ్లో తిరిగే మామూలు గద్దేనా, వేరేదా? ఫొటో లేదు.

మొగదరి కుర్రాడు | ఏప్రిల్ 13, ఉదయం 7:35

నమస్తే అండి. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, తొందర లేదు. తోక చివర చీలినట్టు ఉందా, గుండ్రంగా ఉందా? ఊరి గద్దకైతే చీలి ఉంటుంది. తల, రొమ్ము మిగతా ఒంటికంటే కొంచెం లేతగా ఉన్నాయా? దగ్గర్లో ఇటుక రంగు వీపు ఉన్న పెద్ద గద్ద ఏదైనా కూర్చుని ఉందా? అది తిన్నాక ఏ వైపు ఎగిరింది?

ఎల్లుండి నుంచి వేట నిషేధం, పడవలు ఆగిపోతాయి. కుదిరితే రేపు పొద్దున్నే ఇంకోసారి వెళ్లి చూడండి. నేనూ అక్కడే ఉంటాను.